ముడతలు ఎవరివి, అందం ఎవరిది?

మా ఇంట్లో గోడల మీద ఫోటోలు ఉండేవి కావు. కాబా బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి, దాని పక్కన పురుగుమందుల కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు ఒకటి. అంతే. నమాజు చదివే ఇంట్లో మనుషుల బొమ్మలు పెట్టకూడదనేది పెద్దల మాట. ఆ మాట లేకపోయినా ఫోటో తీయించుకోవడానికి డబ్బులు కూడా ఉండేవి కావనుకోండి. మత నియమమూ పేదరికమూ ఒక్కోసారి ఒకే పని చేస్తాయి. ఏది ఎంత చేసిందో తర్వాత లెక్క తేల్చడం కష్టం.

అలాంటి ఇంట్లో ఇప్పుడు ఒక పెద్ద ఫోటో ఉంది. అది మా నాయనమ్మది. 2011 మార్చిలో ఒక మిరప కల్లంలో తీసింది. తీసినాయన మా ఊరివాడు కాదు. పట్నం నుంచి కెమెరాలు తగిలించుకుని వచ్చిన నలుగురైదుగురిలో ఒకడు. కల్లంలో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ల మధ్య తిరిగి, మా నాయనమ్మ దగ్గర ఆగి, మూరెడు దూరంలోకి లెన్సు తెచ్చి నొక్కాడు. కొన్నాళ్లకి ఆ ఫోటో ఒక ప్రదర్శనలో పెట్టారని, బాగుందన్నారని మాకు తెలిసింది. దాని కింద ఉన్న పేరు 'పల్లె బామ్మ'.

ఈ వ్యాసం ఆ ఫోటో గురించి. ఇంకా చెప్పాలంటే ముడతల్లో అందం చూడటమనే పద్ధతి గురించి. ఆ ముడతల్లో ఏం చూస్తున్నాం, ఏం చూడకుండా పోతున్నాం అనేదే నా ప్రశ్న.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఫోటో అందంగా ఉంది. నేను దాన్ని తిట్టడానికి కూర్చోలేదు. సాయంత్రపు ఎండ ఎడమవైపు నుంచి ఏటవాలుగా పడింది. నుదుటి మీద అడ్డంగా నాలుగు గీతలు, కంటి కొసన పక్షి కాలి గుర్తులా విచ్చుకున్న గీతలు, పై పెదవి మీద నిలువుగా సన్నటి గీతలు. ఒక్కోదాని ఒడ్డున వెలుగు, లోపల నీడ. ఎండాకాలం బీటలు వారిన నల్లరేగడి చేను ఎలా ఉంటుందో అలా ఉంది ఆ చెంప. కళ్లు మాత్రం తడిగా, నల్లగా, నేరుగా మనల్ని చూస్తున్నాయి. నేను పుట్టినప్పటి నుంచి చూసిన ముఖమే. కానీ ఇంత దగ్గరగా, ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఈ అందం ఎలా వచ్చిందో తెలిసినవాళ్లకి అందులో మాయ ఏమీ లేదు. వెలుగు ఎదురుగా పడితే ముఖం చదునవుతుంది, గీతలు చెరిగిపోతాయి. పక్క నుంచి పడితే చిన్న గుంట కూడా లోయ అవుతుంది. ఊళ్లలోని స్టూడియోలు దశాబ్దాల పాటు మొదటి పనే చేశాయి. ఎదురు లైట్లు పెట్టి, ముఖానికి పౌడరు రాయించి, అప్పటికీ మిగిలిన గీతల్ని నెగెటివు మీద సన్న పెన్సిలుతో పూడ్చేవాళ్లు. రీటచింగ్ చేసేవాడి చేతి నేర్పుని బట్టి స్టూడియోకి పేరు వచ్చేది. ఎరుపు రంగు పట్టని పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ములో చర్మం మీది ప్రతి మచ్చా ముదురుగా పడేది కాబట్టి ఆ పని మరీ అవసరమయ్యేది. నేటి సెల్‌ఫోన్లు అదే పని అడక్కుండానే చేస్తున్నాయి. నునుపే అందమనే ఆ లోకంలో ఒక ముసలి కూలిమనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపించడం చిన్న విషయం కాదు. ముడతని లోపంగా కాకుండా అందంగా చూసిన ఫోటోగ్రాఫర్లు ఆధిపత్య సౌందర్య శాస్త్రం మీద ఒక దెబ్బ వేశారు. దళిత కవులు నలుపు అందమని చాటినప్పుడు వేసిన దెబ్బలాంటిదే ఇదీ. దాన్ని కాదనను.

అయితే దెబ్బ అక్కడితో ఆగిపోయింది. అక్కడే నా తగాదా.

మా ప్రాంతంలో ముడత అనే మాట ముందుగా మనిషి ముఖానికి వాడేది కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో (2022లో జిల్లాలు చీలాక పల్నాడు, బాపట్లల్లో కూడా) ముడత అంటే మిరపకి వచ్చే జబ్బు. తామరపురుగు ఆకుని పైకి దోనెలా ముడిస్తే పై ముడత. నల్లి కిందికి ముడిస్తే కింది ముడత. ఉదయాన్నే చేలోకి వెళ్లిన రైతు ఆకు ముడిచి కనిపిస్తే గుండె జారి ఇంటికొస్తాడు. 2021లో కొత్తరకం నల్ల తామరపురుగు వచ్చినప్పుడు పీకేసిన తోటలు ఈ నేల మీదే ఉన్నాయి. అంతకుముందు పత్తిని తెల్లదోమ తినేసింది. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తిరైతులు అప్పులకి ప్రాణాలు తీసుకున్నారు. ఆకు ముడిచిందంటే ఇంట్లో అప్పు పెరిగిందని అర్థం. ఈ నేల మీద ముడతని చూసి ముందు భయపడతారు. 'ఎంత బాగుంది' అనడానికి చేను మనది కాకుండా ఉండాలి.

ఇంకోరకం ముడత కూడా ఉంది. బ్యాడిగి రకం కాయ ఎండితే ఒళ్లంతా ముడతలు పడుతుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మన సన్నం కాయ నున్నగా, ఘాటుగా ఉంటుంది. గుంటూరు యార్డులో మంచి రంగున్న బ్యాడిగి రకం వస్తే వ్యాపారి ఆ ముడతల కాయని చేతిలోకి తీసుకుని, విరిచి, రంగు చూసి ధర కడతాడు. సన్నం కంటే దానికి ఎక్కువ పలికే రోజులుంటాయి. కాయ ముడతకి బజారులో ధర ఉంది. ఆ కాయకి తొడిమ తీసిన చేతి ముడతకి లేదు. మా నాయనమ్మ ముడతకి మొదటిసారి ధర కట్టింది ఆ ఫోటోగ్రాఫరు. ఆ ధర ఆమెకి చేరలేదన్నది వేరే సంగతి.

ఇంతకీ ఆ ముడత ఎలా వచ్చింది? వయసు వల్ల అంటారు. సగమే నిజం. 2012లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక ఒక లారీ డ్రైవరు ఫోటో వేసింది. ఆయనకి 69 ఏళ్లు. 28 ఏళ్లు సరుకుల లారీ నడిపాడు. ముఖం కుడి సగం తన వయసుకి తగ్గట్టుగానే ఉంది. ఎడమ సగం మాత్రం దట్టంగా ముడతలు పడి, వేలాడి, ఇరవై ఏళ్లు పెద్దవాడి ముఖంలా ఉంది. అక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. ఆ కిటికీ అద్దంలోంచి వచ్చిన ఎండ ఒక పక్కనే కాల్చింది. రెండు సగాల వయసూ ఒకటే, మధ్యలో తేడా పని. ఆ ఒక్క ఫోటో చూస్తే చాలు, ముఖం మీది ముడతల్లో వయసు ఎంతో కూలి ఎంతో విడదీసి చూడాలని అర్థమవుతుంది.

మా నాయనమ్మ ముఖంలో ఆ లెక్క నేను కొంత చెప్పగలను. మేం దూదేకులవాళ్లం. నూర్ బాషాలం. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఆ దూది దుమ్ములో కళ్లు చికిలించి కూర్చోవడం నాయనమ్మకి పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. మిల్లులొచ్చాయి, తర్వాత ఫోము పరుపులొచ్చాయి. విల్లు అటకెక్కింది. నాగార్జునసాగర్ నీళ్లొచ్చాక కొత్త పత్తి చేలు పెరిగితే ఆమె పత్తి తీతకి పోయింది. ఏకే చేతులే తీసే చేతులయ్యాయి. పత్తి దెబ్బతిన్న ఏళ్లలో మిరప కోతకి, ఆ తర్వాత కల్లంలో తొడిమలకి, తాలుకాయ ఏరడానికి. ఘాటుకి కళ్లు మండితే కొంగు ముక్కుకి కట్టుకుని, కళ్లు సగం మూసి పని చేసేది. చేతులు మండితే రాత్రి ఆముదం రాసుకునేది. కంటి కొసన పక్షి కాలి గుర్తు అన్నానే, అది అలా వచ్చింది. పై పెదవి మీది గీతలు కొంగు బిగించి ఊపిరి బిగపట్టిన గీతలు.

ఇప్పుడు మళ్లీ ఫోటో చూడండి. ఇందులో ఏది కనిపిస్తోంది? ముఖం తప్ప అన్నీ మసక. దగ్గరకెళ్లి లెన్సు పెద్దగా తెరిచి తీస్తే ఒక పలచటి పొర మాత్రమే స్పష్టంగా నిలుస్తుంది, వెనకదంతా కరిగిపోతుంది. ఆ కరిగిపోయినదాంట్లో ఒక ఎర్రటి మచ్చ ఉంది. ఫ్రేముకి రంగు తెచ్చింది అదే. అది మిరపకాయల రాశి అని మాకు తెలుసు. చూసేవాళ్లకి సంధ్యాకాశం కావచ్చు. ఆ ఎరుపు పక్కన రెండు ముదురు మసకలు ఉన్నాయి. ఒకటి మా పక్కింటి మాదిగ వదినె. ఇంకోటి కాటా దగ్గర నిలబడ్డ మేస్త్రీ. చేతులు ఫ్రేము బయట ఉన్నాయి. పనీ, పనిచేయించేవాడూ, తోటి మనిషీ ముగ్గురూ మసకలో పోయారు. ముడతలు మిగిలాయి. కారణాలన్నీ చెరిపేసి ఫలితాన్ని మాత్రం నిలబెడితే దాన్ని మనం అందం అంటున్నాం.

దీనికి ఎదురుగా ఇంకో రకం ఫోటో ఉంది. యార్డులోనో కల్లాల్లోనో పైనుంచి తీసింది. ఎకరాల కొద్దీ ఎర్ర తివాచీ, దాని మీద చుక్కల్లాగా రంగురంగుల చీరలు. డ్రోన్లు వచ్చాక ఇవి మరీ ఎక్కువయ్యాయి. ఒకటి మరీ దగ్గర, ఒకటి మరీ దూరం. రెండింటికీ మధ్య ఒక నడిదూరం ఉంది. పది అడుగుల దూరం. అక్కడ నిలబడితే మనిషి ముఖమూ కనబడుతుంది, చేతులూ కనబడతాయి, కాటా కనబడుతుంది, కాటా పట్టుకున్నవాడూ కనబడతాడు. మన ఫోటోగ్రాఫర్లు ఎక్కువమంది ఆ పది అడుగుల దగ్గర ఆగరు. అక్కడ ఆగితే అందం తగ్గి తగాదా కనబడుతుంది.

ఆగినవాళ్లు లేరని కాదు. పి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తీసిన గ్రామీణ స్త్రీల పని ఫోటోల ప్రదర్శన ఉంది. అందులో ఒక ఫోటోలో భూస్వామి పొలంలో నిటారుగా నిలబడి కెమెరాకి ఫోజు ఇస్తాడు. వెనక నాట్లు వేసే ఆడవాళ్ల వరస నడుములు వంచి ఉంటుంది. వాళ్ల ముఖాలే కనబడవు. అయినా ఆ ఫోటో చూసినవాడికి ముడతలు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలిసిపోతుంది. ముఖం చూపకుండానే ముఖం సంగతి చెప్పిన ఫోటో అది. మా నాయనమ్మ ఫోటో ముఖం ఒక్కటే చూపించి ముఖం సంగతి చెప్పకుండా వదిలేసింది.

ఇక ఆ పేరు. 'పల్లె బామ్మ'. మా ఇళ్లలో బామ్మ లేదు. నాయనమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దాదీ, నానీ ఉన్నారు. బామ్మ అనేది ఎవరిళ్లలో పిలుపో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ పిలుపుని తెచ్చి కల్లంలో కూర్చున్న దూదేకుల ముసలమ్మ ముఖానికి తగిలించారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. ఆప్యాయంగానే తగిలించారు. ఆ ఆప్యాయతకి తెలిసిన ముసలమ్మ ఒక్కతే మరి. ముసలితనానికి ప్రేమగా పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు పై కులం వంటింటి పిలుపే నోటికొస్తుంది. ఆమె ఎవరని అడిగి ఉంటే ఆ పిలుపు అక్కడికి వచ్చేది కాదు.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. 1936 మార్చిలో అమెరికాలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కోత కూలీల శిబిరంలో డొరొతియా లాంగ్ అనే ఫోటోగ్రాఫరు ఒక తల్లిని తీసింది. ఆ తల్లికి 32 ఏళ్లే. నుదుటి మీద అప్పటికే గీతలు. ఆ ఫోటో ఒక కరువు కాలానికే గుర్తయి కూర్చుంది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. 1978లో గానీ ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియలేదు. తెలిసినప్పుడు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆమె చెరోకీ, అంటే ఆదివాసి. దశాబ్దాల పాటు దేశమంతా ఆమెని తెల్లజాతి రైతు తల్లిగా చూసి కన్నీరు పెట్టుకుంది. జాలి పుట్టాలంటే ఆమె వాళ్లలో మనిషిలా కనబడాలి. ఆమె అస్తిత్వం ఆ జాలికి అడ్డురాకుండా ఫ్రేము బయటే ఉండిపోయింది. ఆ ఫోటో వల్ల తనకి ఒక్క పైసా రాలేదని ఆమె తర్వాత చెప్పుకుంది.

మా సంగతికొస్తే, ముస్లిం ముఖం ఫోటోకి ఎక్కే దారులు లెక్కపెట్టినన్నే ఉన్నాయి. మొదటిది నవాబు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ తీసిన ఆ దర్బారు ఫోటోలు గొప్పవే. నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. వాటి నుంచి సినిమాల దాకా వచ్చిన షేర్వానీ ముఖం ఒకటి తెలుగువాళ్ల మనసులో ఉండిపోయింది. ఆ షేర్వానీతో నల్లరేగడిలో పత్తి తీసినవాళ్లకి ఏ బంధుత్వమూ లేదు. అయినా మమ్మల్ని తిట్టేటప్పుడు ఆ నవాబులకి వారసుల్ని చేస్తారు. రెండోది పండగ ముఖం. రంజాన్ మర్నాడు పేపర్లలో కౌగిలించుకునే పిల్లలు, దువాకి చేతులెత్తిన ముసలాయన. ఆ ముసలాయన ముఖాన్ని మాత్రం క్లోజప్‌లో వేస్తారు. ముడతలన్నీ భక్తి గీతల్లా కనబడతాయి. మూడోది అనుమానితుడి ముఖం, నల్ల గుడ్డ కప్పింది. నాలుగోది బాధితుడి ముఖం.

ఆ నాలుగోదానికి 2002 గుజరాత్‌లో ఒక దర్జీ ముఖం గుర్తుగా నిలిచింది. రాయిటర్స్ ఫోటోగ్రాఫరు అర్కో దత్తా తీసిన ఫోటో అది. కుతుబుద్దీన్ అన్సారీ చేతులు జోడించి, కళ్లనిండా నీళ్లతో ప్రాణాలు కాపాడమని అడుగుతున్నాడు. ఆ ఫోటో ప్రపంచానికి సాక్ష్యం ఇచ్చింది, అందులో సందేహం లేదు. ఆయనకి మాత్రం పని దొరకడం కష్టమైంది. ఎక్కడికెళ్లినా గుర్తుపట్టారు. కొన్నాళ్లు కలకత్తా వెళ్లి బతికి తిరిగొచ్చాడు. పార్టీలు ఆ ఫోటోని పోస్టర్ల మీద వాడుకుంటుంటే వద్దన్నాడు. దర్జీగా ఆయన చేతి పని ఎవరూ ఫోటో తీయలేదు. జోడించిన ఆ చేతులు అంతకుముందు రోజు దాకా గుడ్డ కుట్టిన చేతులని ఎందరికి గుర్తుంది?

ఇక్కడ ఒక సూత్రం కనబడుతోంది. ముస్లిం అని తెలిసేలా తీస్తే ఆ ముఖం పండగ చేసుకుంటుంది, ఏడుస్తుంది, అనుమానం పుట్టిస్తుంది. కూలి చేయదు. కూలి చేస్తున్నట్టు తీస్తే ఆ ముఖం ముస్లిం కాకుండా పోతుంది, పల్లె బామ్మ అయిపోతుంది. రెండూ ఒకే ముఖంలో ఉండొచ్చని మన దృశ్య సంస్కృతికి తట్టదు. మా లౌకికవాద మిత్రులు కూడా దీని గురించి ఆలోచించాలి. వాళ్లు వేసే సమైక్యతా పోస్టర్లలో టోపీ పెట్టుకున్న మనిషి ఉంటాడు. అతని చేతిలో పార గానీ, కొడవలి గానీ నేను చూసింది తక్కువ.

ఈ నేరం బయటివాళ్లదే అని చేతులు దులుపుకుంటే మా లెక్క తప్పుతుంది. మా వాళ్లలో షేకులు, సయ్యదులు మమ్మల్ని ఎలా చూశారో మా పెద్దలకి తెలుసు. ఉర్దూ రాదని, పేర్లు సగం తెలుగువని, పద్ధతులు పూర్తిగా తెలియవని ఎగతాళి. పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకోవడానికి వెనకాడటం. ప్రభుత్వం జాబితాల్లోనూ మేం వేరుగానే ఉన్నాం. దూదేకులు బీసీ-బీలో. మిగతా వెనకబడిన ముస్లింలకి 2007లో బీసీ-ఇ వచ్చింది. రాజ్యం చేసిన ఆ విభజన కంటే ముందే మేం ఇళ్లలో విడిపోయి ఉన్నాం. మరి మా నాయనమ్మ ఫోటో ముస్లిం పత్రిక అట్ట మీద వేయాల్సి వస్తే వేసేవాళ్లా? నల్లపూసలు, చీర కొంగు, పొలం మట్టి ఉన్న ఆ ముఖం ముస్లింలా లేదని పక్కన పెట్టేవాళ్లేమో. పక్కన పెట్టరని నేను ధీమాగా చెప్పలేను.

తెలుగు ముస్లిం సాహిత్యాన్ని కూడా ఇదే అడగాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశారు. పుట్టుకతోనే మా ఒంటి మీద వేసిన ముద్ర గురించి తెలుగులో అంత సూటిగా అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు. 1998లో 'జల్జలా' సంకలనంతో ఆ గొంతు గుంపయింది. మేమందరం ఆ బాటలో నడిచినవాళ్లమే. పుట్టుమచ్చ పుట్టుకతో వచ్చేది. ముడత బతకడంతో వచ్చేది. మొదటిదాన్ని చదవడం నేర్చుకున్నాం. రెండోదాన్ని ఇంకా సరిగా చదవడం లేదని నా ఫిర్యాదు. అస్తిత్వం అంటే పేరు, భాష, మసీదు మాత్రమే అయితే మా నాయనమ్మ ముఖంలో సగం చదవకుండా వదిలేసినట్టే. ఆమె పక్కన మసకగా ఉన్న మాదిగ వదినెతో ఆమెకి ఉన్న పోలిక ఆ రెండో సగంలోనే ఉంది.

ఆమె ముఖాన్ని మా ఇంట్లో కూడా ఎవరం తీయలేదు. నా చేతికి కెమెరా వచ్చిన తర్వాత కూడా నేను తీసింది పిల్లల్ని, పెళ్లిళ్లని. ఒకసారి తీయబోతే, 'ముసల్దాన్ని నన్నెందుకు, గోడకి సున్నమన్నా కొట్టి తీయి' అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె కాదన్నది కాబట్టి తీయలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమెలో తీయదగిందేమీ నాకు కనబడలేదు. పరాయివాడికి కనబడింది.

ప్రభుత్వం మాత్రం ఆమెని దగ్గరగా చూసింది. రేషను కార్డుకి ఇంటిల్లిపాది ఫోటో, ఆధార్‌కి ముఖం, కళ్లు, పది వేళ్లు. 2015లో రేషను షాపుల్లో వేలిముద్రల మిషన్లు వచ్చాక అసలు కథ మొదలైంది. తొడిమలు తీసీ తీసీ వేలి కొసలు అరిగిపోయాయి. మిషను మీద వేలు పెడితే ఒప్పుకోదు. తుడుచుకుని మళ్లీ పెట్టు. ఇంకో వేలు పెట్టు. రేపు రా. అరిగిన వేళ్లున్న ముసలి కూలీలకి ఎన్నో ఊళ్లలో ఎదురైన అనుభవమే ఇది. చిత్రం చూడండి. ఒక లెన్సు ఆమె ముడతల్లో జీవితమంతా కనబడుతోందంది. ఇంకో లెన్సు అదే ముడతల్లో మనిషే కనబడటం లేదంది. రెండూ ఆమెని దగ్గరగా చూసినవే. నువ్వు ఏం పని చేశావని రెండూ అడగలేదు.

ఆ ఫోటో కాపీ ఒకటి ఎలాగో సంపాదించి ఆమెకి చూపించాను. చేతిలోకి తీసుకుని, వెలుగు దగ్గరకి జరిగి, చాలాసేపు చూసింది. 'ఎవురిది నాయనా? మా అమ్మలాగుందే' అంది. వాళ్లమ్మకి ఫోటో లేదు. ఎప్పుడో పోయింది. మా ఇంటి అద్దం అరచేయంత. ఆమె తన ముఖం మొత్తం ఒక్కసారిగా చూసుకున్నది అదే మొదలనుకుంటా. ముడతల మీద వేలితో రాసి, 'అమ్మకి కూడా ఇక్కడే గీత' అంది. ఆ పూట నాకు అర్థమైంది, క్లోజప్‌ని కొట్టిపారేయడానికి వీల్లేదని. తల్లి ముఖాన్ని తిరిగి ఇచ్చిన ఫోటోని నేను ఏ సిద్ధాంతంతో కాదనను?

తర్వాత కింద ఉన్న పేరు చదివి వినిపించాను. బామ్మ అంటే నవ్వింది. 'మరి నీ పేరు వేయమని రాయనా వాళ్లకి?' అని అడిగాను. నేను గొప్ప హక్కుల మాట మాట్లాడుతున్నాననుకున్నాను. ఆమె కొంచెం ఆలోచించి, 'నా పేరెందుకులే. ఆ కాయ యార్డులో క్వింటా ఎంతకి పోయిందో రాయమను. దాని పక్కన నాకు కూలి ఎంతిచ్చారో రాయమను. సదువుకున్నోళ్లేగా చూసేది, వాళ్లే తెలుసుకుంటారు' అంది.

ఫోటో విమర్శ అని నేను చదివినవాటిల్లో ఇంత సూటి మాట నాకు దొరకలేదు. పేరు వద్దన్నది కాబట్టి ఈ వ్యాసంలోనూ ఆమె పేరు రాయలేదు. ఆ రెండు అంకెలూ నేనూ ఇక్కడ రాయలేకపోతున్నాను. ఏడాదికోరకంగా మారతాయి, గ్రేడుకో రకంగా మారతాయి. కానీ ఏ ప్రదర్శనలోనైనా ఏ కల్లం ఫోటో కిందైనా ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేయడం ఫోటోగ్రాఫరుకి పెద్ద పని కాదు. అడిగితే చెప్తారు. అడగడమే పని.

ముడతల్లో అందం చూడొద్దని నేనడం లేదు. చూడండి. దగ్గరకి రండి, వెలుగు పక్క నుంచే పడనివ్వండి. ఒక్క ఫోటో తీశాక పది అడుగులు వెనక్కి జరిగి ఇంకో ఫోటో తీయండి. చేతులూ, కాయా, కాటా, కాటా పట్టుకున్నవాడూ అందులో ఉండనివ్వండి. రెండూ పక్కపక్కన గోడకి పెట్టండి. ఆమె ఎవరని అడగండి. ఆమె ముస్లిం అయితే ముస్లిం అని రాయండి, దూదేకుల అయితే దూదేకుల అని రాయండి, తొడిమ కూలి అయితే అదీ రాయండి. మూడూ ఒకే మనిషికి పడతాయి.

మా నాయనమ్మ 2018లో పోయింది. చివరిరోజు కూడా రేషను ఎవరు తెచ్చారనే అడిగింది. ఖనన్‌కి తీసుకెళ్లాక ఇంటికొచ్చి, ఆమె ఫోటో ఏదైనా ఉందా అని వెతికితే రెండే దొరికాయి. ఆధార్ కార్డు మీది అగ్గిపెట్టెంత ఫోటో, ఈ పల్లె బామ్మ. గోడకి మనుషుల బొమ్మ పెట్టొద్దని చిన్నప్పుడు మమ్మల్ని తిట్టిన మా నాయనే దానికి ఫ్రేము కట్టించుకొచ్చాడు. నమాజు చదివే గదిలో వద్దని వసారాలో పెట్టాడు. అద్దం లోపల, ఫోటో అంచు మీద ఉన్న ఆ పేరు మీద తెల్ల కాగితం ముక్క అంటించాడు. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.